ఏసీ గదుల్లో గాలిని కొలవరా?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి స్టడీ హాళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున వెళ్తే రాత్రికి గానీ బయటకు రారు. ఏసీ ఉందంటే ఎక్కువ డబ్బు కట్టి మరీ చేరుతున్నారు. కానీ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే చల్లబరిచి వదులుతుంది. చల్లదనం పోతుందని కిటికీలు బిగించేస్తే ఒకరు వదిలిన ఊపిరే మరొకరు పీల్చాలి. మధ్యాహ్నానికి తల బరువెక్కుతుంది, ఆవలింతలు మొదలవుతాయి. పిల్లలు మాత్రం తమకే ఏకాగ్రత లేదని టెన్షన్ పడుతుంటారు.

మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మీటరును మా బడి పిల్లలు కట్టారు. దాన్ని ఇలాంటి ఒక హాల్లో బల్ల మీద పెట్టి చూశాం. పొద్దున 700 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 700 పాళ్లు) లోపు ఉన్న అంకె భోజనం వేళకు 2,000 దాటింది. తలుపు, ఎదురు కిటికీ తెరిచి ఫ్యాన్ వేస్తే పావుగంటలో సగానికి పడిపోయింది. ఆరుబయట ఇది సుమారు 420 ఉంటుంది. జపాన్ 1970 నాటి చట్టం కిందే పెద్ద భవనాలకు 1,000 పీపీఎం హద్దు పెట్టుకుంది. 2,000 అంటే విషమని కాదు, గదిలోకి కొత్త గాలి చాలినంత రావడం లేదని అర్థం. జలుబు, ఫ్లూ ఒకరి నుంచి పదిమందికి తేలిగ్గా పాకేది ఇలాంటి గదుల్లోనే.

మీటరు కట్టడం హైస్కూలు పిల్లలకు చేతనైన పనే. సెన్సర్‌తో పాటు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న తెర, పవర్ బ్యాంక్, నాలుగు వైర్లు చాలు. జాగ్రత్తంతా సెన్సర్ దగ్గరే. ప్రాజెక్టుల కోసం ఎక్కువమంది కొనే చవక ఎంక్యూ-135 సెన్సర్ కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా గుర్తించలేదు. దాని పక్కన శానిటైజర్ మూత తీస్తే చాలు, అంకె ఎగిరి కూర్చుంటుంది. పరారుణ కాంతితో కొలిచే ఎంహెచ్-జడ్19 లాంటి సెన్సర్ తీసుకోవాలి. ఖరీదు ఎక్కువే అయినా అది కొలిచేది అసలు వాయువునే. రోజుకోసారి దాన్ని డాబా మీద కాసేపు ఆన్‌లో ఉంచాలి. ఎప్పుడూ మూసిన గదిలోనే ఉంచితే, తనంతట తాను సరిచేసుకునే సెన్సర్ అక్కడి గాలినే మంచి గాలి అనుకుని తక్కువ చూపిస్తుంది.

ప్రభుత్వ బడుల్లో పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబుల్లో పనిముట్లు ఉన్నాయి, ఉత్సాహమున్న పిల్లలూ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు వాటికి సెన్సర్ల ఖర్చు ఇప్పించాలి. ఏసీ కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, హాస్టళ్లలో అందరికీ కనిపించేలా గోడకు మీటరు తగిలించాలని ఆదేశించాలి. అంకె 1,000 దాటుతున్న గదికి బయటి గాలి వచ్చే దారి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాకే అనుమతి పునరుద్ధరించాలి.

— ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ