ఒక టెర్మినల్‌లో దిగి ఇంకో టెర్మినల్‌లో ఎక్కే విడి టికెట్లు ఇక అమ్మం

గుంటూరులో మా షాపు దగ్గర అమెరికా టికెట్లు తీసుకున్నవాళ్లకీ, తీసుకోబోతున్నవాళ్లకీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక రకం టికెట్టు అమ్మడం మానేస్తున్నాం. దాంతో మా రేటు పక్క షాపు కంటే ఎక్కువ కనబడొచ్చు. కారణం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే తప్పు మాది.

రెండు నెలల కిందట ఒక పెద్దాయన, వాళ్లావిడ కూతురి పురిటికి డాలస్ బయల్దేరారు. గన్నవరం నుంచి ఢిల్లీకి ఒక టికెట్టు, ఢిల్లీ నుంచి అమెరికాకు ఇంకో టికెట్టు. కంపెనీలు వేరు, పీఎన్ఆర్‌లు, అంటే బుకింగ్ నంబర్లు కూడా వేరు. అలా విడగొట్టి కొంటే ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు మిగిలాయి. వాళ్లబ్బాయి సంతోషించాడు, నేనూ సంతోషించాను. మధ్యలో మూడున్నర గంటలుంది, చాలులే అనుకున్నాను. దిగేది ఒకటో టెర్మినల్, ఎక్కేది మూడో టెర్మినల్. "బస్సు ఉంటుందండీ, చిన్న పని" అని ఫోన్లో చెప్పింది నేనే.

చిన్న పని కాదు. ఢిల్లీలో రెండో టెర్మినల్, మూడో టెర్మినల్ పక్కపక్కనే ఉంటాయి, నడిచి వెళ్లొచ్చు. ఒకటోది మాత్రం కిలోమీటర్ల దూరంలో వేరేగా ఉంటుంది. షటిల్ బస్సు విమానాల మధ్య నుంచి పోదు. బయటి రోడ్డెక్కి ఊళ్లో బండ్లతో పాటే వెళ్తుంది. మెట్రో ఉందిగా అని కొందరు అడుగుతారు. రెండుచోట్లా స్టేషన్లు ఉన్నాయి, కానీ లైన్లు వేరు. ఊళ్లోకి వెళ్లి బండ్లు మారి మళ్లీ వెనక్కి రావాలి. సూట్‌కేసులతో అది అయ్యే పని కాదు.

వాళ్ల విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. టికెట్లు వేరు కాబట్టి సామాను నేరుగా అమెరికా విమానంలోకి వెళ్లదు. నాలుగు పెట్టెలూ బెల్టు దగ్గర నిలబడి తీసుకోవాలి, ట్రాలీ తోసుకుంటూ బయటికి రావాలి, బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవాలి. ట్రాలీ బస్సెక్కదు కదా, ఒక్కొక్కటీ 23 కిలోల పెట్టెలను మనమే ఎత్తాలి, దిగాక మళ్లీ దించాలి. మూడో టెర్మినల్ గేటు దగ్గర కాపలా ఉండే సీఐఎస్ఎఫ్ వాళ్లు టికెట్టూ పాస్‌పోర్టూ చూశాకే లోపలికి పంపుతారు. విదేశీ విమానాలకు చెకిన్ కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. వీళ్లు చేరేసరికి మూసేశారు.

"బాబూ, కౌంటరు కట్టేశారంట, పచ్చళ్ల పెట్టె తాడు కూడా తెగింది, ఏం చెయ్యమంటావు?" అన్నారాయన ఫోన్లో. మొదటి విమానం ఆలస్యానికి రెండో కంపెనీ బాధ్యత తీసుకోదు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో సీటు చూసేవాళ్లు. ఆ రాత్రి హోటలు, మర్నాటి టికెట్ల తేడా మేమే కట్టాం. ఎంతో చెప్పను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

అసలు ఆ మిగిలిన పద్దెనిమిది వేలూ మిగల్లేదు. దేశంలోపలి విమానంలో చెకిన్ సామాను సాధారణంగా 15 కిలోలే. అమెరికాకు తీసుకెళ్లే బరువంతా గన్నవరంలోనే పట్టుకుంటారు. అక్కడ ఎక్సెస్ బ్యాగేజీకే చాలా పోయింది. ఇదీ నేను ముందు చెప్పలేదు.

ముంబైదీ ఇదే కథ. ఒకటో టెర్మినల్ శాంతాక్రూజ్ వైపు, విదేశాలకు వెళ్లే రెండో టెర్మినల్ సహార్ వైపు. 2024 అక్టోబరు నుంచి రెండుచోట్లా ఆగే మెట్రో ఉంది, మధ్యలో ఒక్క స్టేషనే. చేతిలో చిన్న బ్యాగు మాత్రమే ఉన్న కుర్రాళ్లకు అది బాగుంటుంది. బెంగళూరులో రెండు టెర్మినళ్లూ దగ్గరే, షటిల్ బస్సుతో పెద్ద టెన్షన్ లేదు. శంషాబాద్‌లో అయితే అన్నీ ఒకే టెర్మినల్లో. పెద్దవాళ్లు మాత్రమే ప్రయాణం చేస్తుంటే కారులో శంషాబాద్ వెళ్లి ఎక్కమనే చెబుతున్నాను. గన్నవరం టికెట్టు మీద నాకొచ్చే కమిషన్ పోతుంది, పోనివ్వండి.

ఇకమీదట టెర్మినల్ మారాల్సి వస్తే ఒకే పీఎన్ఆర్ టికెట్టే ఇస్తాం. వేరు టికెట్లే కావాలని పట్టుబడితే మధ్యలో కనీసం ఆరు గంటలు ఉండాలి, అదీ మీకు అంతా వివరంగా చెప్పాక. ఆరు గంటలు ఎక్కువేనని మా కుర్రాడు అన్నాడు. వాడు డెబ్బై ఏళ్ల మనిషితో ఆ బస్సెక్కలేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు మేమే ఫోన్ చేసి టెర్మినల్ ఏదో చెబుతాం. బుక్ చేసిన తర్వాత కూడా కంపెనీలు టెర్మినల్ మారుస్తుంటాయి, పాత ప్రింటు నమ్ముకోవద్దు.

ఇప్పటికే మా దగ్గర ఢిల్లీ, ముంబై మీదుగా విడి టికెట్లు తీసుకున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్ల పేర్లు రాసిపెట్టుకున్నాను, వరసగా ఫోన్ చేస్తున్నాను. మొదటి విమానాన్ని ముందు రోజుకో, ముందు పూటకో మార్చుకుంటే మార్పు చార్జీ మాది. సోమవారం లోపు నా ఫోన్ రాకపోతే మీరే షాపుకు వచ్చేయండి, రెండు టికెట్లూ పట్టుకుని.