కొలిమి చల్లారకముందే పిల్లలకు పదును నేర్పించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

రోహిణి కార్తె వచ్చిందంటే మా దేవరకొండ వైపు పల్లెల్లో తెల్లవారకముందే కమ్మరి కొలిమి దగ్గర రైతులు చేరేవారు. నాగలి కర్రు, గుంటుక పాస, గడ్డపార, గొడ్డలి, కొడవలి, వీటిలో ఏది అరిగితే అది పట్టుకొని వచ్చి, మృగశిర చినుకు పడేలోపు సరిపించుకొని పోయేవారు. ఆ పనికి అప్పటికప్పుడు డబ్బులు ఇచ్చే పద్ధతి ఉండేది కాదు. పంట కల్లానికి వచ్చినప్పుడు మేర, అంటే పనివారి వాటా ధాన్యం, కొలిచి ఇచ్చేవారు. ఈ ఏడాది రోహిణిలో నేను మా ఊరి కొలిమికి పోయేసరికి అక్కడ నేనొక్కడినే ఉన్నాను. డెబ్బై దాటిన కమ్మరి తాత, తిత్తి ఊదే మనిషి దొరకక, ఒక చేత్తో తానే ఊదుకుంటూ రెండో చేత్తో పటకారు పట్టుకొని ఉన్నారు. ఈ విషయం జిల్లా విద్యాధికారుల దృష్టికి, తోటి రైతుల దృష్టికి మీ పత్రిక ద్వారా తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను కొలిమికి పోవడానికి కారణం మా ఇంటి గొడ్డలి. మా నాయన కాలంలో ఇదే తాత, లారీ కమాన్‌పట్టీ ముక్కను సాగగొట్టి దాన్ని చేసి ఇచ్చారు. మొన్న ఎండాకాలంలో తీరిక లేక దాన్ని పట్టణంలో కరెంటు సాన ఉన్న ఒక దుకాణంలో ఇచ్చాను. రెండు నిమిషాల్లో అంచు అద్దంలా మెరిసింది. చెలక గట్టు మీది సర్కారు తుమ్మ కొట్టడానికి పోతే మూడో రోజుకే ఆ అంచు రేకులా మడతపడింది. అరిగిపోయిందనుకొని ఇంట్లో మళ్లీ నూరాను, మళ్లీ మడతపడింది. తాత దాన్ని వెలుతురుకు పట్టి, అంచు వెంట సన్నగా కనిపించిన నీలిరంగు చార మీద వేలు పెట్టి, పదును, అంటే కొలిమిలో ఇచ్చిన గట్టిదనం, పోయిందని చెప్పారు.

ఇనుముకు పదును పెట్టడం వేరు, అంచు నూరడం వేరు అన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. గొడ్డలి అంచును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అది గట్టిపడుతుంది గాని, అంతటితో వదిలేస్తే గాజులా పెళుసుగా ఉండి పెచ్చులూడుతుంది. అందుకే కమ్మరి అంచును మాత్రమే ముంచి పైకి తీసి, రాయితో రుద్ది తెల్లగా చేసి, వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు దాకా పాకే తీరును రంగుల్లో చూస్తాడు. అంచు ఎండుగడ్డి రంగుకు రాగానే, అంటే వేడి దాదాపు 230 డిగ్రీలకు చేరగానే, మళ్లీ ముంచి అక్కడితో ఆపుతాడు. వేడి 300 డిగ్రీల దాకా పోతే రంగు నీలమవుతుంది, అంచు మెత్తబడుతుంది. కొలిమి పైన కప్పు తక్కువ ఎత్తులో, లోపల నీడగా ఉండేది ఈ రంగులు కంటికి ఆనడానికే. వేగంగా తిరిగే సాన మీద నీళ్లు లేకుండా ఒత్తిపట్టినప్పుడు పలుచని అంచు క్షణాల్లో ఆ నీలిరంగు వేడికి చేరుతుంది. ఆ తర్వాత దాన్ని నీళ్లలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. నీలిరంగు ఎక్కినంత మేర అరగదీయాలి, లేదా మళ్లీ కొలిమిలో పెట్టాలి. తాత రెండోది చేశారు.

పదును పెట్టాక నూరే పని నాతోనే చేయించారు. గొడ్డలిని మొద్దుకు ఆనించి కదలకుండా పెట్టి, ముందుగా ఆకురాయితో, అంటే గరుకు పళ్లున్న ఇనుప ఫైలుతో, రెండు పక్కలా సమానంగా రాయించారు. ఆకురాయి పట్టకుండా జారిపోతే ఇనుము మరీ గట్టిగా ఉన్నట్టు, సబ్బులో దిగినట్టు సులువుగా దిగితే మెత్తబడినట్టు అని చేతికి తెలిసేలా చెప్పారు. తర్వాత సానరాయిని తడిపి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు, అంచు ఒక కొన నుంచి రెండో కొన దాకా తిప్పించారు; ముందు గరుకు రాయి, తర్వాత నున్న రాయి. ఒక పక్క నూరుతుంటే రెండో పక్క అంచు మీద సన్నని తీగలా ఇనుము లేస్తుంది. అది కొన నుంచి కొన దాకా వేలికి తగిలితే ఆ పక్క పూర్తయినట్టు. చివర ఆ తీగను తోలు పట్టీ మీద గీకి తీసేయాలి. చెట్టు కొట్టే గొడ్డలికి చెంప పలుచగా ఉండాలని, కట్టెలు చీల్చేదానికి చింతగింజ వీపులా కాస్త ఉబ్బెత్తుగా ఉండాలని, లేకపోతే అది కట్టెలో ఇరుక్కుంటుందని ఆయన చెబితే గాని నాకు తెలియలేదు. నూరడం కుదిరిందో లేదో చూడటానికి అంచును ఎండకు పట్టమన్నారు. మొద్దుబారిన అంచు తెల్లని గీతలా మెరుస్తుంది, పదునైన అంచు కంటికే కనపడదు. నలభై ఏళ్లుగా గొడ్డలి పట్టిన నాకు ఇందులో సగం కొత్త.

మొండి గొడ్డలితో ప్రమాదం ఎక్కువ. అది కట్టెలో దిగకుండా జారి కాలి ముందు ఎముక మీద పడుతుంది. మునుగోడు, చండూరు వైపు తాళ్లెక్కే గౌడన్నలను అడిగినా, గీసకత్తి పదును తగ్గితే గెల పలుచగా తెగదని, తెగకపోతే కల్లు పారదని చెబుతారు. వారు చెట్టెక్కే సరంజామా అయిన మోకు, ముస్తాదుతో పాటు కత్తి నూరుకోవడాన్ని కూడా తండ్రి దగ్గరే నేర్చుకున్నవారు. మన పొలాల్లో కొడవలి పట్టేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా, దానికి కక్కు కొట్టడం, అంటే అంచుకు పళ్లు పెట్టడం గాని, నూరడం గాని వారికి ఎవరూ నేర్పలేదు. ఇది నాకు మొదటి నుంచీ అన్యాయంగానే తోస్తుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని నేను అనను. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. అందులో కమ్మరి, వడ్రంగి ఉన్నారు, గీత వృత్తి లేదు. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి రుణం ఇస్తున్నారు. ఈ సాయం అవసరమైనదే. అయితే ఇది ఇప్పటికే ఆ పని చేస్తున్నవారికి అందే సాయం. డెబ్బై ఏళ్ల మనిషి చేతిలోని విద్య పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి ఎట్లా చేరాలన్నది ఇందులో లేదు. ఆ కమ్మరి తాత కొడుకులు హైదరాబాద్‌లో వేరే పనుల్లో ఉన్నారు, వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మేర ఆగిపోయాక కొలిమి ఒక కుటుంబాన్ని పోషించలేదు. కులాన్ని బట్టి ఆ ఇంటి పిల్లలే ఈ పని మోయాలని నేను కోరడం లేదు. ఏ ఇంటి పిల్లలైనా, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, నేర్చుకునే వీలు ఉండాలని కోరుతున్నాను.

దానికి కొత్త పథకం అక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానంలోనే 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు వంటి స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవాలని రాసి ఉంది. నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యాధికారులు ఆ పది రోజుల్లో కనీసం రెండు రోజులు ఊరి కొలిమికి కేటాయించాలని, నేర్పినందుకు పనివారికి రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం ఇవ్వాలని నా విన్నపం. చిన్నపిల్లలకు సమ్మెట ఇవ్వనక్కరలేదు. కాగే ఇనుము రంగు దూరం నుంచి చూడటం, పెద్దల ఎదుట ఒక కొడవలిని సానరాయి మీద నూరడం వస్తే చాలు. ప్రభుత్వ ఐటీఐలలో కొత్త యంత్రాలు పెడుతున్న ఈ సమయంలో, అక్కడి విద్యార్థులకు చేతితో నూరడాన్ని మొదటి వారంలోనే నేర్పితే యంత్రం మీద అంచు ఎందుకు కాలుతుందో వారికి తేలికగా అర్థమవుతుంది.

రోహిణి కార్తె సెలవుల్లో పోతుంది గాని, జూన్ 12న బడులు తెరిచేనాటికి మృగశిర నడుస్తూ ఉంటుంది, కొలిమి వెలుగుతూనే ఉంటుంది. మా ఊరి ఉన్నత పాఠశాల నుంచి ఆ కొలిమికి పది నిమిషాల నడక. పిల్లలు వస్తే చూపిస్తారా అని తాతను అడిగాను. పదిమందికి మించకుండా, పొద్దుటిపూట, ఎండ ముదరకముందు పంపమన్నారు.

భవదీయుడు,
ఒక రైతు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా