మా వదినకి, ఆ సిస్టర్‌కి, డాక్టర్ గారికి, ఇంకా పేరు తెలియని కొందరికి

నా గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు కనబడ్డాయి, చికిత్స అయింది, ఇప్పుడు బాగున్నాను. దీని వెనక ఉన్నవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే థాంక్స్ చెప్పుకుంటున్నాను.

ముందు మా వదినకి. "30 దాటింది కదా, ఒకసారి హెచ్‌పీవీ టెస్ట్ చేయించుకో" అని వెంటపడింది తనే. ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ పేరే హెచ్‌పీవీ. నాకేం బాధ లేదు కదా అంటే, "బాధ మొదలయ్యాక చేయించుకునే టెస్ట్ కాదే ఇది" అంది. లోపల పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడుతుంటే, నమూనా మనమే తీసి ఇవ్వొచ్చని కూడా తనే చెప్పింది. మెత్తటి చిన్న బ్రష్ ఇచ్చారు. లోపలికి పెట్టి నాలుగైదుసార్లు తిప్పి, ట్యూబులో వేసి మూత పెట్టేయడమే. దీనికా ఇన్నాళ్లు ఆగాను అనిపించింది.

రిపోర్టులో "హెచ్‌పీవీ 16 పాజిటివ్" అని వచ్చింది. ఫోన్‌లో వెతికితే ఎక్కడ చూసినా క్యాన్సర్ అన్న మాటే. ఆ టెన్షన్‌తోనే క్లినిక్‌కి వెళ్లాను.

అక్కడి సిస్టర్‌కి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో ఒక గుండ్రం గీశారు, మధ్యలో చిన్న రంధ్రం, దాని చుట్టూ చుక్కలతో ఇంకో గీత. "ఇది నీ సర్విక్స్ అమ్మా, అంటే గర్భాశయ ముఖద్వారం. రెండు రకాల కణాలు కలిసేది ఈ చుక్కల దగ్గర. మార్పులు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే" అన్నారు. పాప్ స్మియర్‌లో కణాలు మారాయేమో చూస్తారట. హెచ్‌పీవీ టెస్ట్ అంతకంటే ముందు మెట్టు, వైరస్ ఉందో లేదో చెబుతుంది, అంతే. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా పాతుకుపోయినా, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. మరి నన్ను ఆగకుండా కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో చేసే పరీక్షకి, ఎందుకు పంపుతున్నారంటే, ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ వైరస్‌లోని 16, 18 రకాలే కారణమట. మిగతా రకాలైతే ఇంకో పరీక్ష చేసి చూస్తారు.

నేను అడగలేక మింగేసిన ప్రశ్న ఒకటుంది. ఇది లైంగిక సంబంధం వల్ల వచ్చే వైరస్ కదా, పెళ్లై ఇన్నేళ్లయ్యాక ఎక్కణ్ణుంచి వచ్చింది? మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. సిస్టర్ మా ఇద్దరి మొహాలు చూసి, "ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఈ టెస్ట్ చెప్పదు. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి ఇప్పుడు బయటపడొచ్చు. దీని మీద ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి" అన్నారు. ఆ రోజు ఆ మాట అనకపోయి ఉంటే మా ఇంట్లో ఏమయ్యేదో నాకు తెలుసు. దారి పొడుగునా ఏం మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకునే ఉన్న మా ఆయనకి కూడా ఇక్కడే థాంక్స్.

కాల్పోస్కోపీలో డాక్టర్ గారు ఏం చేసినా ముందు చెప్పి చేశారు. వెనిగర్ వాసన వచ్చే ద్రవం రాసి కాసేపు ఆగారు. తేడా ఉన్న చోట తెల్లగా తేలింది, స్క్రీన్ మీద నాకూ చూపించారు. అక్కణ్ణుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే సీఐఎన్ 3 అని వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాదు గానీ వదిలేయకూడని దశ. మత్తు ఇంజెక్షన్ ఆ భాగానికే ఇచ్చి, కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో ఆ పొరను తీసేశారు. లీప్ అంటారు. ఇకముందు గర్భం వస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం కొంచెం పెరగొచ్చని దాచకుండా చెప్పినందుకు డాక్టర్ గారంటే ఇంకా గౌరవం పెరిగింది.

"గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి మాత్రం థాంక్స్ లేదు. దీనికి ఆ అవసరమే లేదని డాక్టర్ గారు ఒక్క మాటలో తేల్చేశారు.

తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి "అంచుల్లో మార్పులు లేవు" అని రాసిన ల్యాబ్ డాక్టర్ ఎవరో నాకు తెలియదు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయానంటే అది ఆయనో ఆవిడో పెట్టిన భిక్షే.

చివరిగా రిసెప్షన్ అమ్మాయికి. చికిత్స అయిన 12 నెలలకి మళ్లీ హెచ్‌పీవీ టెస్ట్ చేయాలి. తేదీ నాకు గుర్తుంది, రిజల్ట్ భయంతో వాయిదా వేద్దామని చూస్తున్నాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి, నేను నసుగుతుండగానే "మంగళవారం పొద్దున రాసేశాను మేడమ్, వచ్చేయండి" అని పెట్టేసింది. వెళ్లాను. నెగటివ్ వచ్చింది. ఇంకా చాలా ఏళ్లు ఇలా చూపించుకుంటూనే ఉండాలట, తర్వాతి తేదీ కూడా అప్పుడే రాసి చేతిలో పెట్టింది.