మా డైనింగ్ టేబుల్ మీద రాజ్యాంగం

కేరీ, నార్త్ కరోలినా
ఆదివారం రాత్రి

ప్రియమైన పద్మా,

ఎలా ఉన్నావే? అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయా? నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "ఈ మధ్య ఫోనే చెయ్యట్లేదు, అంత పనేముందే" అని అడిగావు కదా. ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా కూర్చుని, ఒక కాఫీ పెట్టుకుని చదువు.

నేను మళ్ళీ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. మా పెద్దది ఈ ఏడు ట్వెల్త్‌లో ఏపీ గవర్నమెంట్ తీసుకుంది. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. గవర్నమెంట్ అంటే ఇక్కడి ప్రభుత్వం, రాజ్యాంగం గురించిన సబ్జెక్టు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చెప్పి, మే నెలలో దేశమంతటికీ ఒకే పరీక్ష పెడతారు. 1 నుంచి 5 దాకా స్కోరు. మంచి స్కోరు వస్తే చాలా కాలేజీల్లో ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదు. ఇక్కడ మా చుట్టుపక్కల మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా కాల్‌క్యులస్, కంప్యూటర్ సైన్స్ తీసుకుంటారు. గవర్నమెంట్ అనగానే "ఎందుకు, లాయర్ అవుతుందా?" అని అడుగుతారు. మా ఆయనా మొదట అదే అడిగారు. నాకు మాత్రం దాని పుస్తకం చేతిలోకి తీసుకున్న రోజు విజయవాడలో మన బీఏ క్లాసు, ఆఖరి బెంచీ, నీ గుండ్రటి చేతిరాత నోట్సు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

మనం ఎలా చదివామో తెలుసుగా. రాష్ట్రపతి అధికారాలు పది పాయింట్లు, స్పీకర్ విధులు ఎనిమిది పాయింట్లు, సైడ్ హెడ్డింగులు పెట్టి, కింద గీతలు కొట్టి. ఎమర్జెన్సీల మీదున్న ఆర్టికల్ 352, 356, 360 నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. రాష్ట్రపతి పాలన పెట్టే 356 సరైనదా కాదా అని మాత్రం మనల్ని ఒక్కరూ అడగలేదు. ఇక్కడా గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది. తొమ్మిది మూల పత్రాలు, పద్నాలుగు సుప్రీంకోర్టు తీర్పులు తప్పనిసరిగా తెలియాలి. పరీక్షలో 55 బిట్లు, 80 నిమిషాలు. తర్వాత నాలుగు రాత ప్రశ్నలు, 100 నిమిషాలు. కానీ ఆ రాత ప్రశ్నలు చూడాలి పద్మా. ఒకదాంట్లో పిల్లలు చదవని కేసు ఒకటి ఇచ్చి, చదివిన కేసుతో పోల్చమంటారు. అక్కడ బట్టీ ఎందుకూ పనికిరాదు. చివరిది వ్యాసం. ఒక వాదన నిలబెట్టాలి, మూల పత్రాల నుంచి ఆధారం చూపించాలి, ఎదుటి పక్షం ఏమంటుందో చెప్పి దానికి జవాబు ఇవ్వాలి. ఎదుటి పక్షం మాట ఎత్తకపోతే ఒక మార్కు పోతుంది. ఆ ఒక్క మార్కు గురించే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాయాలనిపించింది.

మొదటి నెలలోనే వాళ్ళ టీచర్ క్లాసుని రెండు జట్లు చేశారు. 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాశాక, పదమూడు రాష్ట్రాల్లో కనీసం తొమ్మిది ఒప్పుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. ఒప్పుకోండని హామిల్టన్, మాడిసన్, జాన్ జే కలిసి 'పబ్లియస్' అనే మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. వద్దని 'బ్రూటస్' అనే మారుపేరుతో ఇంకొకరు రాశారు. మా దానికి బ్రూటస్ పడింది.

ఆ రాత్రి నేను దోసెలు పోస్తున్నాను. అది స్టవ్ పక్కన గట్టెక్కి కూర్చుని, "అమ్మా, నువ్వు మాడిసన్‌వి. నన్ను ఒప్పించు" అంది. దాని వాదన ఇదీ. ఇంత పెద్ద దేశంలో ఎక్కడో రాజధానిలో కూర్చున్న ప్రతినిధికి మన ఊరి బాధ తెలియదు. కేంద్రం మెల్లమెల్లగా రాష్ట్రాలని మింగేస్తుంది. నేను మాడిసన్ పదో వ్యాసంలో చెప్పిందే చెప్పాను. మనుషులన్నాక వర్గాలు ఉంటాయి, వాటిని లేకుండా చెయ్యలేం. దేశం పెద్దదైతే వర్గాలూ ఎక్కువవుతాయి, ఏ ఒక్కటీ మిగతావాటిని తొక్కెయ్యలేదు. మన దేశాన్నే చూడు, ఇన్ని భాషలు, ఇన్ని కులాలు, పొత్తులు లేకుండా ఎవరికీ గడవదు అన్నాను. అది కాసేపు ఆలోచించి అడిగింది: "మరి తెలంగాణ ఎలా వచ్చింది? ఆ అసెంబ్లీ ఒప్పుకుందా?"

పెనం మీద దోసె తిప్పడం మర్చిపోయాను.

నీకు నేను చెప్పేదేముంది, కొత్త రాష్ట్రాలు ఎలా ఏర్పాటు చెయ్యాలో చెప్పే ఆర్టికల్ 3 ఏటా ఇంటర్ పిల్లలకి చెప్తావు. బిల్లుని రాష్ట్ర శాసనసభకి పంపి అభిప్రాయం అడగాలి, అంతే. ఒప్పుకుని తీరాలని లేదు. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో కాదంది, ఫిబ్రవరిలో పార్లమెంటు రెండు సభల్లోనూ బిల్లు పాసైంది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇక్కడ అలా కుదరదు. ఒక రాష్ట్రంలోంచి కొత్త రాష్ట్రం తియ్యాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సిందేనని వీళ్ళ రాజ్యాంగం నాలుగో ఆర్టికల్లో ఉంది. అంతర్యుద్ధం మధ్యలో 1863లో వెస్ట్ వర్జీనియా ఏర్పడినప్పుడు కూడా, యూనియన్‌తో, అంటే దేశం నుంచి విడిపోని పక్షంతో, ఉండిపోయినవాళ్ళు విడిగా ఒక వర్జీనియా ప్రభుత్వం పెట్టుకుని, దాని చేత సమ్మతి ఇప్పించారు.

ఇది విని మా పెద్దది, "అయితే మీ దాంట్లో బ్రూటస్ భయపడ్డదే జరిగింది" అంది. నేను వెంటనే ఔనందామనుకున్నాను. 2014లో నేను నీతో అన్నది కూడా అదే కదా. ఫోన్లో ఎంత గొడవపడ్డాం. మా అసెంబ్లీ వద్దన్నాక ఢిల్లీకి ఏం హక్కుందని నేను, అరవై ఏళ్ళ నుంచి మా మాట ఎవరు విన్నారని ఖమ్మం నుంచి నువ్వు. తర్వాత రెండు నెలలు మనిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. అది నా మనసులో ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ, ఆ వ్యాసం నేనే రాస్తే ఎదుటి పక్షం ఏమని రాయాలి అని ఆలోచించాను. ఎదుటి పక్షం అంటే నువ్వు. విడిపోవాలనుకునే ప్రాంతానికి ఆ సభలో ఎప్పుడూ తక్కువ సీట్లే ఉంటాయి. సమ్మతి తప్పనిసరి చేస్తే, ఎక్కువమంది ఉన్నవాళ్ళ చేతికే తలుపు తాళం ఇచ్చినట్టు. అప్పుడు వాళ్ళు ఎన్నేళ్ళు అడిగినా బయటికి రాలేరు. పన్నెండేళ్ళ కిందట నువ్వు అచ్చంగా ఈ మాటే చెప్పావు. నేను వినలేదు. విభజన జరిగిన తీరు మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, అది దాచను. కానీ నువ్వు చెప్పినదాంట్లో ఎంత న్యాయం ఉందో ఇన్నేళ్ళకి తెలిసింది. నీకు ఈ మాట రాతలో చెప్పాలనిపించింది.

సరే, ఇంకొకటి చెప్పాలి. మా ఆడపడుచు వాళ్ళు షార్లెట్‌లో ఉంటారని తెలుసుగా. మొన్న శనివారం వెళ్తుంటే, హైవే 85 ఎక్కగానే మా పెద్దది ఫోన్లో ఒక మ్యాప్ తీసి, "మనమిప్పుడు నా సిలబస్ మీద వెళ్తున్నాం" అంది. 1990 జనాభా లెక్కల తర్వాత ఈ రాష్ట్రానికి పన్నెండో కాంగ్రెస్ సీటు వచ్చింది. కాంగ్రెస్ అంటే ఇక్కడి పార్లమెంటు. ఆ నియోజకవర్గాన్ని డర్హమ్ నుంచి గ్రీన్స్‌బరో మీదుగా షార్లెట్ దాటేదాకా, సుమారు 160 మైళ్ళు, ఈ రోడ్డు పొడుగునా పాములా గీశారు. చాలాచోట్ల ఈ రోడ్డంత వెడల్పే. కారు తలుపులు రెండూ తెరిచి ఇలా పోతే ఆ నియోజకవర్గంలో చాలామంది చచ్చిపోతారని అప్పట్లో ఒక ఎమ్మెల్యే అన్నాడట. మా చిన్నాడు కిటికీ అద్దం దించి చెయ్యి బయటపెట్టబోతే నేను కసిరాను.

ఇక్కడ నియోజకవర్గాల హద్దులు గియ్యడానికి మనలాగా దేశమంతటికీ ఒక డీలిమిటేషన్ కమిషన్ ఉండదు. చాలా రాష్ట్రాల్లో శాసనసభే గీతలు గీస్తుంది. నార్త్ కరోలినాలోనైతే ఆ మ్యాపుని గవర్నర్ వీటో కూడా చెయ్యలేడు. అధికారంలో ఉన్న పార్టీ తనకి లాభమొచ్చేలా గీసుకోవడాన్ని గెర్రీమాండరింగ్ అంటారు. 1812లో మాసచుసెట్స్ గవర్నర్ గెర్రీ హయాంలో గీసిన ఒక నియోజకవర్గం సాలమాండర్ ఆకారంలో ఉందని, రెండూ కలిపి ఆ పేరు పెట్టారు.

కానీ ఈ పాము కథ అంత తేలిగ్గా తేలేది కాదు. 1901 తర్వాత ఈ రాష్ట్రం నుంచి ఒక్క నల్లజాతి మనిషి కూడా కాంగ్రెస్‌కి వెళ్ళలేదు. తొంభై ఏళ్ళు! నల్లవాళ్ళు ఎక్కువమంది ఉండేలా ఒక్క నియోజకవర్గమే గీస్తే చాలదని కేంద్ర న్యాయశాఖ అభ్యంతరం చెప్పాకే శాసనసభ ఈ రెండోది గీసింది. 1992 ఎన్నికల్లో ఇద్దరు గెలిచారు, ఈవా క్లేటన్, మెల్ వాట్. కొందరు తెల్లవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1993లో షా వర్సెస్ రీనో కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, జాతి తప్ప ఇంకే కారణమూ కనపడనంత వింతగా గీస్తే దాన్ని గట్టిగా పరీక్షించాల్సిందేనని తీర్పిచ్చి కేసు వెనక్కి పంపింది.

గ్రీన్స్‌బరో బోర్డు కనపడింది. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్ళు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగిన ఊరు అది. అక్కడిదాకా మా పెద్దది ఆ తీర్పు సరైనదేనంది. ఆ బోర్డు దాటాక కాదంది. షార్లెట్ చేరేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. నేను మన పద్ధతి చెప్పాను. లోక్‌సభలో ఎస్సీలకి 84, ఎస్టీలకి 47 సీట్లు రిజర్వు, పోటీ చేసేది వాళ్ళే, ఓటు మాత్రం ఆ నియోజకవర్గంలో అందరిదీ అని. అది వెనక సీట్లోంచి ముందుకి వంగి, "అలా కూడా చెయ్యొచ్చా? అది ముందే రాజ్యాంగంలో పెట్టేశారా?" అని అడిగింది. మనం ఐదు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసిన విషయం పద్మా. మిగిలిన దారంతా దానికి అంబేడ్కర్, గాంధీ, పూనా ఒప్పందం చెప్తూనే ఉన్నాను. మా ఆయన పాటలు ఆపేసి మరీ విన్నారు.

దానికి అన్నిటికంటే నచ్చిన కేసు గిడియన్‌ది. ఫ్లోరిడాలో డబ్బులేని మనిషి, దొంగతనం కేసు. లాయర్‌ని ఇప్పించమంటే మరణశిక్ష కేసులకే ఇస్తామన్నారు. తన తరఫున తనే వాదించుకుని ఓడిపోయి ఐదేళ్ళు శిక్ష పడితే, జైలు కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో తొమ్మిదిమంది జడ్జీలూ అతని వైపే తీర్పిచ్చారు. ఈసారి లాయర్‌తో మళ్ళీ విచారణ జరిగితే నిర్దోషి అని తేలింది. ఆ పెన్సిల్ అర్జీ ఫొటో ప్రింట్ తీసి తన టేబుల్ ముందు అంటించుకుంది. ప్రతి అక్షరం పొందిగ్గా, పరీక్ష రాసే పిల్లాడిలా ఒత్తి రాశాడు.

ఇక అసలు సంగతి. నవంబర్ ఎన్నికల నాటికి దానికి పద్దెనిమిది నిండుతాయి. ఇక్కడ పదహారేళ్ళకే ముందుగా ఓటరు నమోదు చేసుకోవచ్చు. గురువారం ఫారం తెచ్చుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. మా గ్రీన్‌కార్డే ఇంకా క్యూలో ఉంది, పౌరసత్వం రానిదే ఇక్కడ మాకు ఓటు లేదు. ఇండియా ఓటుకి ఆ రోజుకి అక్కడ ఉండి తీరాలి. మా పెద్దది ఇక్కడి పౌరురాలు కాబట్టి, ఈ ఇంట్లో ఓటు వెయ్యబోయే మొదటి మనిషి అదే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, ఈ దేశ సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగితే నువ్వు తెల్లవాడివి కాదని ఇదే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 1946 చట్టం వచ్చేదాకా మనవాళ్ళకి ఆ దారి మూసే ఉంది. ఆ కేసు సిలబస్‌లో లేదు, దానంతట అది వెతుక్కుని చదివింది. అందుకే ఆ ఫారం మీద పేరు రాసేటప్పుడు ఇంటిపేరు కూడా పూర్తిగా, ఒక్కో అక్షరం విడదీసి రాసింది. నేను పక్కనే నిలబడి చూశాను. కళ్ళు చెమర్చాయి.

అందులో పార్టీ అని ఒక గడి ఉంది పద్మా! ఏ పార్టీయో ప్రభుత్వానికే రాసివ్వడం మనం ఊహించగలమా? ఏ పార్టీ అభ్యర్థిని నిలబెట్టాలో తేల్చే ప్రైమరీ ఎన్నికల కోసం అడుగుతారట. ఏ పార్టీ కాదు అని కూడా రాయొచ్చు, ఈ రాష్ట్రంలో అలా రాసినవాళ్ళే ఎక్కువ. మా ఆయన ఒకటి చెప్పారు, నేను ఇంకొకటి అనుకున్నాను గానీ పైకి అనలేదు. అది రెండు పార్టీల మ్యానిఫెస్టోలూ తెరిచి, కాగితం మధ్యలో గీత గీసి, అటూ ఇటూ రాసుకుంటోంది. ఈ ఆదివారం రాత్రికి కూడా తేలలేదు.

నువ్వు నాకో పని చేసిపెట్టాలి. మీ ఇంటర్ సెకండియర్ సివిక్స్ పుస్తకం, తెలుగు అకాడమీది, ఒకటి కొని ఉంచు. మా తమ్ముడు వచ్చే నెల ఇటొస్తున్నాడు, వాడి చేత పంపు. దొరికితే నీ పాత బీఏ నోట్సు కూడా, గీతలు కొట్టినదే. మా పెద్దది ఆర్టికల్ 3 నీ నోట తెలుగులో వినాలంటోంది. శనివారం మీకు సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ చేస్తాం. ఖమ్మం పక్షం నువ్వే చెప్పు, నేను మధ్యలో మాట్లాడను.

మీ ఆయన్ని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
సుధ