వార్షిక నివేదిక 2024–25: గల్ఫ్ కార్మికుల కోసం, నర్సుల కోసం మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం ఏం చేసిందో, ఏది ఇంకా మిగిలి ఉందో మీ ముందు పెడుతున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాలతో మొదలైన సంఘం మనది. ప్రైవేట్ ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు కూడా చేరాక పని రెండింతలైంది. తాపీ మేస్త్రీలకూ నర్సులకూ ఏం సంబంధం అని పోయిన సమావేశంలో కొందరు అడిగారు. మేస్త్రీ పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటుంది. నర్సు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో ఉంటాయి. తన కాగితం తన దగ్గర లేని మనిషి పని మారలేరు, ఇంటికి రాలేరు, జీతం గట్టిగా అడగలేరు. ఇద్దరి కష్టమూ ఒక్కటే. అందుకే కాగితాలు మనవాళ్ల చేతికి రప్పించడమే ఈ ఏడాది మన పని అనుకున్నాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. సౌదీలో, యూఏఈలో కార్మిక సంఘం పెట్టుకునే హక్కే లేదు. ఖతర్‌లో కంపెనీల్లో ఉమ్మడి కమిటీల వరకే అనుమతి. బహ్రెయిన్, ఒమన్‌లలో పరాయి దేశపు కార్మికులు యూనియన్లలో చేరొచ్చు కానీ మనవాళ్లలో ఎక్కువమంది ఉండేది అక్కడ కాదు. క్యాంపులో (కార్మికుల బసలో) జీతాల కోసం నలుగురు కలిసి పని ఆపితే ఉద్యోగం పోవడమే కాదు, దేశం నుంచే పంపేస్తారు. కాబట్టి గొంతెత్తి అడగగలిగేది ఇక్కడే. ఏజెంటును, ఆఫీసును, ప్రభుత్వాన్ని అడగాల్సింది ఊర్లో ఉన్న మనమే.

కువైట్

2024 మార్చి 17 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష అమలు చేసింది. దాన్ని జూన్ 30 దాకా పొడిగించారు. అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివెల్లిగా, అంటే చట్టం దృష్టిలో అక్రమంగా, మిగిలిపోయినవాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి రావొచ్చు, కొత్త వీసా మీద మళ్లీ వెళ్లొచ్చు అన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఆ చివరి మాట మనవాళ్లలో చాలామందికి తెలియలేదు. ఒకసారి వేలిముద్ర వేస్తే జన్మలో మళ్లీ రానివ్వరని భయపడి గదుల్లోనే కూర్చున్నారు. వాట్సాప్‌లో మన సభ్యులు రోజూ రాత్రిపూట ఫోన్లకు జవాబు చెప్పారు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఖద్దామాలుగా (ఇంటి పనిమనుషులుగా) వెళ్లిన ఆడవాళ్లవి కూడా కాల్స్ వచ్చాయి. ఒక అక్క నెలల తరబడి జీతం రాక ఇల్లు వదిలి బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గరే ఉండిపోయింది. పాస్‌పోర్టు లేనివాళ్లకు రాయబార కార్యాలయం ఇచ్చే ప్రయాణ పత్రం, ఔట్‌పాస్‌తో తిరిగి రావొచ్చని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆమె ఇంటికి చేరింది. బకాయి జీతం మాత్రం రాలేదు.

ఈ గడువు నడుస్తుండగానే జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడింది. చనిపోయినవాళ్లలో 40 మందికి పైగా మన దేశస్థులే. ఎక్కువమంది మలయాళీలు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ వారమే మన క్యాంపు సభ్యులందరికీ ఒక సందేశం పంపాం. మీ గదిలో ఎన్ని మంచాలున్నాయి, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడుతున్నారు, మెట్లకు అడ్డంగా ఏమన్నా ఉందా, మేడ మీది తలుపుకు తాళం వేస్తున్నారా అని రాసి పంపమన్నాం. ఫొటోలతో సహా జవాబులు వచ్చాయి. పంపినవాళ్ల పేర్లు బయటపడకుండా వాటిని రాయబార కార్యాలయాలకు పంపించాం.

ఏజెంట్ల దగ్గర

ఈ ఏడాది ఎక్కువ సమయం పెట్టింది ఈ పని మీదే. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీకి 30,000 రూపాయల పరిమితి ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అంతకన్నా ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కానీ మన ఊళ్లలో డబ్బు తీసుకునేది లైసెన్సున్న ఏజెంటు కాదు. తెలిసినవాడో చుట్టమో అయిన సబ్ ఏజెంటు తీసుకుంటాడు. లక్ష దాటి అడుగుతాడు. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా చేతిలో పెడతాడు.

విజిట్ వీసాలో ఉన్న మోసం ఏమిటో ప్రతి ఊళ్లో విడమరిచి చెప్పాం. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి) కిందికి వస్తుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్సు ఉండాలి. అది ఉంటే అగ్రిమెంటు రికార్డులో ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా కూడా ఉంటుంది. ఆ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. విజిట్ వీసా మీద పోయినవాడికి ఈ రెండూ ఉండవు. మనిషి అక్కడ ఉన్నాడన్న సంగతే ప్రభుత్వ లెక్కలోకి రాదు.

కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో సమావేశం అయ్యాక ఒక పెద్దాయన జేబులోంచి పాత క్యాలెండర్ కాగితం తీసి చూపించారు. కొడుకు వీసాకు ఇచ్చిన డబ్బులన్నీ దాని వెనకాల పెన్సిల్‌తో రాసుకున్నారు. తారీఖు ఉంది, మొత్తం ఉంది. తీసుకున్నవాడి పేరు గానీ సంతకం గానీ లేదు. ‘అడిగితే నమ్మకం లేదా అంటడని అడగలే’ అన్నారు. ఆ రోజు నుంచి అన్ని ఊళ్లలోనూ ఒకటే చెబుతున్నాం. చేతికి డబ్బు ఇవ్వొద్దు. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, దేనికి వేస్తున్నారో అందులోనే ‘వీసా ఫీజు’ అని రాయండి, స్క్రీన్‌షాట్ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపి పెట్టుకోండి. ఇలా చేసిన ఒక కుటుంబం మోసపోయాక ఆ స్క్రీన్‌షాట్లతోనే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాయించగలిగింది. సగానికి పైగా డబ్బు వెనక్కి వచ్చింది.

చట్టం సంగతి కూడా సభ్యులు తెలుసుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ మనుషులను విదేశీ పనులకు పంపకూడదు. పంపితే 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. ఒక్క మనిషి దగ్గరే లక్షకు పైగా వసూలు చేసేవాడికి రెండు వేల జరిమానా ఒక లెక్కా? నలభై ఏళ్లుగా ఆ అంకె మారలేదు. దీన్ని పెంచాలని మన ప్రాంత ఎంపీలకు వినతిపత్రాలు ఇచ్చాం. అడిగితే ఏమొస్తుందిలే అనేవారికి ఒక సంగతి గుర్తు చేస్తున్నాం. గల్ఫ్ ఉద్యోగాలకు ఉండాల్సిన కనీస వేతనాలను 2020 సెప్టెంబరులో కేంద్రం బాగా తగ్గించింది. గల్ఫ్ కార్మికుల తరఫువాళ్లు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు, బయట ఆందోళనలు జరిగాయి. 2021 జూలైలో పాత వేతనాలే మళ్లీ పెట్టారు.

చనిపోయినవారి కుటుంబాలకు

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టర్‌కు ఇవ్వాలి. మనవాళ్లకు ఇది ఎందుకంత ముఖ్యమంటే, నిద్రలోనే గుండె ఆగి పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిని సహజ మరణాలు అని రాస్తారు. 10 లక్షల బీమా ప్రమాద మరణానికే కాబట్టి ఆ కుటుంబాలకు అది అందదు.

దరఖాస్తులు నింపడంలో మన మహిళా సభ్యులు పెట్టిన ఓపికకు కార్యవర్గం కృతజ్ఞతలు చెబుతోంది. శవపేటికతో పాటు ఒక కవర్ వస్తుంది. అందులో మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మూల కత్తిరించి రద్దు చేసిన పాస్‌పోర్టు ఉంటాయి. దుఃఖంలో ఆ కవర్ ఎవరో ఒక చుట్టం చేతికి పోతుంది. నెలలు గడిచాక వెతికితే దొరకదు. ఒక చెల్లె ఇంట్లో భర్త బట్టలతో పాటు పాస్‌పోర్టునూ తీసేయబోతుంటే మన సభ్యురాలు ఆపి, ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టించింది. ఆ ఫోల్డర్‌తోనే దరఖాస్తు వెళ్లింది. ఇప్పుడు విమానాశ్రయానికి వెళ్లే ప్రతి కుటుంబంతో మన మనిషి ఒకరు వెళ్లి, ముందు ఆ కవర్ తీసుకుంటున్నారు. కలెక్టరేట్‌లో కదలని దరఖాస్తులను హైదరాబాద్ ప్రజాభవన్‌లో విదేశాల్లో ఉన్నవారి ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణిలో పెట్టాం. కొన్ని కదిలాయి. 2023 డిసెంబరు 7కు ముందు పోయినవారి కుటుంబాలను ఏం చేస్తారన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. తారీఖును బట్టి ఒకరి చావును లెక్కలోకి తీసుకుని ఇంకొకరిది వదిలేయడం న్యాయం కాదని మేం ప్రతి చోటా చెబుతున్నాం.

యూఏఈ

యూఏఈ క్షమాభిక్ష 2024 సెప్టెంబరు 1న మొదలై డిసెంబరు 31 దాకా సాగింది. కువైట్ అనుభవం ఉంది కాబట్టి దుబాయ్, షార్జా సభ్యులు మొదటి వారంలోనే పని అందుకున్నారు.

హిసాబ్

పని మానేసి వచ్చేటప్పుడు రావలసిన డబ్బు, అంటే హిసాబ్, ఎంతో తెలియకుండానే చాలామంది సంతకం పెట్టి వస్తున్నారు. సౌదీ లెక్క ఇలా ఉంటుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. చివరి జీతం 1,200 రియాళ్లు, సర్వీసు ఏడేళ్లు అనుకుందాం. మొదటి ఐదేళ్లకు రెండున్నర నెలలు, తర్వాతి రెండేళ్లకు రెండు నెలలు. మొత్తం నాలుగున్నర నెలలకు 5,400 రియాళ్లు. అగ్రిమెంటు ముగిసి వస్తే మొత్తం ఇవ్వాలి. తానే రాజీనామా చేస్తే, ఐదు నుంచి పదేళ్ల లోపు సర్వీసుకు మూడింట రెండు వంతులు, అంటే 3,600. కేసు వేయాలంటే పని ముగిసిన 12 నెలల్లోపే వేయాలి. యూఏఈలో ఆ గడువు 2024 ఆగస్టు చివరి నుంచి రెండేళ్లయింది. ఇంటికి రాగానే సంఘానికి ఒక్క ఫోన్ చేయండి. ఏడాది దాటాక వస్తే సౌదీ కేసులో మేం చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

నర్సులు

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో మన సభ్యురాలు ఒకరు రాజీనామా ఇచ్చారు. జర్మనీ వెళ్లేందుకు భాష నేర్చుకుంటున్న అమ్మాయి. బాండ్ (ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానన్న ఒప్పందం) పూర్తి కాలేదు, డబ్బు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. నర్సింగ్ డిగ్రీ, రిజిస్ట్రేషన్, చివరికి పదో తరగతి మెమో కూడా వాళ్ల దగ్గరే. సంఘం తరఫున లాయర్ లెటర్ పంపాం. జవాబు రాలేదు. ఒక రోజు పొద్దున నైట్ డ్యూటీ దిగిన నర్సులు ఇళ్లకు పోకుండా యూనిఫామ్‌లోనే హెచ్‌ఆర్ గది ముందు నిలబడ్డారు. అరుపులు లేవు, నినాదాలు లేవు. ఓపీకి వచ్చిన రోగులు ఏమైందమ్మా అని అడిగితే చెప్పారు. మధ్యాహ్నానికల్లా సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. తర్వాతి వారంలో ఇంకొందరు తమవి కూడా అడిగి తీసుకున్నారు. ఆ పొద్దున నిలబడ్డవాళ్లలో చాలామంది అప్పటికి మన సభ్యులు కూడా కారు. ఇప్పుడు చేరారు.

ఈ దారి వేసింది కేరళ నర్సులు. 2011లో ముంబైలో ఒక మలయాళీ నర్సు ఆత్మహత్య చేసుకున్నాక బాండ్ల మీద కోపం రగిలింది. యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ పుట్టింది, ఆసుపత్రి తర్వాత ఆసుపత్రిలో సమ్మెలు జరిగాయి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు నర్సుల జీతాల మీద కమిటీ వేయమంది. ఆ కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. కేరళ నర్సులు 2017లో మళ్లీ రోడ్డెక్కారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20,000 కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. మన సభ్యుల్లో ఎక్కువమంది జీతం ఇప్పటికీ దానికి దరిదాపుల్లో లేదు. జీతం స్లిప్పుల నకళ్లు జతచేసి కార్మిక శాఖకు వినతి ఇచ్చాం. స్లిప్పే ఇవ్వని ఆసుపత్రుల సంగతి వేరే ఫిర్యాదుగా ఇచ్చాం.

గల్ఫ్ వెళ్లాలనుకునే నర్సులకు ఒక హెచ్చరిక. 2015 నుంచి పైన చెప్పిన 18 దేశాలకు నర్సులను ప్రైవేట్ ఏజెంట్లు పంపడానికి లేదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆ ఏడాదే కొచ్చిలో బయటపడ్డ కేసులో, 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట ఒక్కొక్క నర్సు దగ్గర 19.5 లక్షల దాకా వసూలు చేశారు. ఇల్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. ‘డైరెక్ట్ ఇంటర్వ్యూ, ఆసుపత్రి కోటా’ అని ఎవరన్నా ఫోన్ చేస్తే ముందు మాకు చెప్పండి.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మపై జరిగిన ఘోరం తర్వాత మన నర్సులు కూడా కొవ్వొత్తులతో నడిచారు. రాత్రి డ్యూటీ గదికి లోపలి గడియ, డ్యూటీ మారే వేళ బస్టాండు దాకా వాహనం, వార్డులో రాత్రి ఒక్కరినే ఉంచకపోవడం కావాలని యాజమాన్యాలను అడిగాం. గడియలు కొన్ని చోట్ల వచ్చాయి. వాహనం ఎక్కడా రాలేదు.

లెక్కలు, ముందు పని

ఆడిటర్ సంతకం చేసిన ఆదాయ వ్యయాల పట్టిక దీనితో జత చేశాం. పెద్ద ఖర్చు ప్రయాణాలకు, లాయర్ ఫీజులకు అయింది. ప్రభుత్వం నుంచి గానీ ఏజెన్సీల నుంచి గానీ డబ్బు తీసుకోలేదు.

సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు పెడుతున్నాం. నర్సుల నుంచి ఇద్దరికి కార్యవర్గంలో చోటు ఇవ్వడం మొదటిది. ప్రతి గల్ఫ్ ఊళ్లో ఒక సభ్యుడు, ఒక సభ్యురాలు కలిసి వెళ్లబోయేవారి అగ్రిమెంటు, వీసా, బీమా కాగితాల నకళ్లు దాచే ఏర్పాటు చేయడం రెండోది. 2023 డిసెంబరు 7కు ముందు చనిపోయినవారి కుటుంబాల జాబితా తయారుచేసి, 5 లక్షల సాయం వారికీ వర్తింపజేయాలని హైకోర్టుకు వెళ్లడం మూడోది. మూడోదానికి లాయర్ ఖర్చు బాగా అవుతుంది కాబట్టి సభ్యత్వ రుసుము పెంచాలా, విడిగా చందా వేయాలా అన్నది కూడా అదే రోజు ఓటుకు పెడతాం. గల్ఫ్‌లో ఉన్న సభ్యులు తమ ఓటును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపొచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి