2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

అరుదైన జన్యు జబ్బులున్న పిల్లల కోసం తల్లిదండ్రులం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, సరాసరి పనుల్లోకి వస్తాను.

ఈ ఏడు చెప్పుకోదగ్గది ఫిబ్రవరి 28న, అరుదైన వ్యాధుల దినం నాడు, హనుమకొండలో పెట్టిన శిబిరం. మింగలేని పిల్లలకు పలుచగా చేసి పోస్తే తేలిగ్గా దిగుతుందని మనందరం అనుకుంటాం. నీళ్లలాంటిదే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, నిమోనియా మళ్లీ మళ్లీ రావడానికి అదో కారణమని థెరపిస్టు మేడం చేసి చూపించారు. నిటారుగా కూర్చోబెట్టి, గదవ కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ములుగు వైపు నుంచి వచ్చిన ఒకమ్మ చిక్కటి తైదల జావ అక్కడే బాబుకు పట్టింది. దగ్గు లేకుండా గిన్నె ఖాళీ చేశాడు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం మాని పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, అయిదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన మిడజోలమ్ స్ప్రే ముక్కులో కొట్టాలనీ నేర్పారు.

పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది కూడా రాలేదు. వాట్సాప్‌లో దండాలు పెట్టినంత సులువు కాదు కుర్చీలు మోయడం. పిల్లల్ని చంకనేసుకొనే తల్లిదండ్రులు మోశారు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం గంటసేపు దీపం వెలిగించకుండా ఆగాం. ఆయన రాలేదు, ఫోనూ లేదు.

వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ సంగతి నిరుటి లాగే ఉంది. ముదిరే జబ్బుకు ఎప్పుడో రాసిన శాతం ఎట్ల సరిపోతుంది? మార్చమంటే మళ్లీ స్లాటు, మళ్లీ లైను. మెడ నిలపలేని పిల్లను ఎన్నిసార్లు తిప్పాలి?

అరుదైన వ్యాధుల 2021 జాతీయ విధానం కింద చికిత్సకు 50 లక్షల దాకా సాయానికి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి ద్వారా దరఖాస్తు చేయవచ్చు. మన జబ్బుల్లో చాలావాటికి మందే లేదు కాబట్టి అందరికీ పనికిరాదు. జన్యు రిపోర్టు మాత్రం అందరూ తెచ్చుకోండి. అది ఉంటేనే తర్వాతి కాన్పుకు గర్భంలో పరీక్ష కుదురుతుంది. మన పిల్లల జబ్బుల్లో ఎక్కువ వాటికి లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. కోడలినే ఆడిపోసుకునే అత్తగార్లకు ఈ ముక్క చదివి వినిపించండి.

లెక్కలు ఆడిటరు చూశారు, కోశాధికారి గారి దగ్గరున్నాయి. మందులకు సాయపడిన దాతలకు, హాలు ఉచితంగా ఇచ్చిన వారికి, ఎంజీఎం ఆసుపత్రి నుంచి సెలవు రోజు వచ్చిన డాక్టరు గారికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు కృతజ్ఞతలు.

గొంతులో కఫం లాగే సంఘం సక్షన్ మిషన్ ఒకటి ఎవరి ఇంట్లో ఉందో తెలియడం లేదు. సమావేశానికి వచ్చేటప్పుడు దయచేసి తెచ్చివ్వండి, ఇంకో ఇంట్లో పిల్లాడికి కావాలి.

కార్యదర్శి
వరంగల్