బడి హద్దు గీసే ముందు పిల్లల దారి నడవండి

సంపాదకులకు నమస్కారం.

బడుల విలీనం మీద పత్రికల్లో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. టీచర్ల పోస్టులు, బదిలీలు, జీవో నెంబర్లు అన్నీ ఉంటున్నాయి. పిల్లల్ని రోజూ బడికి పంపే తల్లుల మాట మాత్రం పెద్దగా కనబడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ గట్టు మీద ఉన్న ఊరు. మా బాబు ప్రభుత్వ బడిలో రెండో తరగతి. మూడో తరగతికి వాడు ఏ బడికి వెళ్లాలన్నది మా ఊళ్లో ఇంకా తేలలేదు.

2022 జూన్‌లో వచ్చిన 117 జీవో 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడుల నుంచి విడదీసి హైస్కూళ్లలో కలిపింది. బడులు తెరిచాక చాలాచోట్ల తల్లిదండ్రులు గేట్లకు తాళాలు వేసి ధర్నాలు చేశారు. 2025లో ఆ జీవో పోయింది. దాని స్థానంలో తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులు వచ్చాయి. చుట్టుపక్కల చిన్న బడుల నుంచి 3, 4, 5 తరగతుల పిల్లలు అక్కడికి చేరాలి. పాత బడిలో ఒకటి, రెండు తరగతులు మిగులుతాయి.

ఈ ఆలోచనకు నేను వ్యతిరేకం కాదు. అరవై మంది లోపు పిల్లలుంటే విద్యాహక్కు చట్టం ప్రకారం ఇద్దరే టీచర్లు. ఐదు తరగతులకు ఇద్దరు! ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకి వెళ్లినా ఆ రోజుకి ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చోవాలి. ఐదో తరగతి పిల్లలకు భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి వాళ్లు పలక పట్టుకుని దిక్కులు చూస్తుంటారు. మా వీధిలో సగం మంది అప్పు చేసి మరీ పిల్లల్ని కాన్వెంటు బస్సు ఎక్కిస్తున్నది ఇది చూసే. తరగతికో టీచరు వస్తే ఆ పిల్లల్లో కొందరైనా వెనక్కి వస్తారని నా నమ్మకం.

నా అభ్యంతరమల్లా ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది నిర్ణయిస్తున్న తీరు మీదే. ఒకరోజు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లుల చేత మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించారు. ఎందుకని అడిగితే "కమిటీ తీర్మానం, మామూలేనమ్మా" అన్నారు. ఏ బడిని ఎందులో కలుపుతున్నారో అందులో రాసి లేదు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం చెప్పింది మా చేత గేటు దగ్గర సంతకాలు పెట్టించుకోవడానికి కాదు కదా!

ఇక దూరం. కిలోమీటరు లోపే అంటున్నారు. మ్యాపులో అంతే. కానీ మధ్యలో కాలువ ఉంది, మురుగు డ్రెయిను ఉంది. పిల్లలు గాలిలో ఎగిరి వెళ్లరు, వంతెన దాకా నడిచి, అది దాటి, మళ్లీ అవతలి గట్టు వెంట వెనక్కి రావాలి. ఆ దారిలో రొయ్యల లోడు లారీలు తిరుగుతాయి. వంతెనకు పిట్టగోడ ఒకవైపే ఉంది. బడులు తెరిచేదీ, కాలువకు నీళ్లు వదిలేదీ ఒకే నెల, జూన్. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే గట్టు మట్టి జారిపోయి పెద్దవాళ్లకే కాలు నిలవదు. ఎనిమిదేళ్ల పిల్లాడు పుస్తకాల సంచీతో ఎలా నడుస్తాడు?

ఇదేమీ మేము కోరుతున్న ప్రత్యేక సౌకర్యం కాదు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాల్లో ఆరోది చదవండి. ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలంది. గమనించండి, నడక దూరం. వరదలు, రోడ్డు లేకపోవడం, పసిపిల్లలకు దారిలో ప్రమాదం ఉన్నచోట ఆ హద్దును ఇంకా తగ్గించమని కూడా అంది. మా జిల్లాలో కాలువలు లేని మండలం ఎక్కడుంది? ఆ నియమాన్ని అందరికంటే ముందు పాటించాల్సింది డెల్టాలోనే.

రవాణా భత్యం ఇస్తారు కదా అంటున్నారు. నెలకు 600 రూపాయలు మంచిదే, కాదనను. డబ్బు తల్లి ఖాతాలో పడినంత మాత్రాన గట్టు మీదికి ఆటో రాదు. వచ్చినా ముగ్గురు పట్టే ఆటోలో పన్నెండు మందిని కుక్కి తీసుకెళతాడు. పొద్దున్నే నాట్లకో, రొయ్యల షెడ్డుకో వెళ్లిపోయే తల్లి ఎవరితో పంపాలి?

అసలు మాట చెప్పడానికి మా ఊళ్లో అందరూ మొహమాటపడుతున్నారు. నేను చెబుతాను. మాకు రెండు బడులున్నాయి. ఒకటి ఊళ్లో, ఒకటి వంతెన అవతల పేటలో. పేట బడిలో పిల్లలు ఎక్కువ, ఆటస్థలం ఉంది, గదులు బాగున్నాయి. ఊరి బడి ఇరుకు, పిల్లలూ తక్కువ. లెక్క ప్రకారం మోడల్ ప్రైమరీ పేటలోనే పెట్టాలి. అయినా ఊరి పెద్దలు కొందరు "సెంటర్లో ఉంటే అందరికీ అనుకూలం" అంటున్నారు. ఎవరికి అనుకూలం? పిల్లలు ఎక్కువున్నది పేటలో. వాళ్లంతా రోజూ వంతెన దాటి ఇటు రావాలట, తక్కువ మంది ఉన్న మన పిల్లలు అటు వెళ్లకూడదట. దూరం రెండువైపులా ఒకటే. తేడా కులంలోనే ఉంది. నేను ఊళ్లో ఉండే మనిషినే. మా బాబు పేట బడిలో కూర్చుని చదువుకుంటే, అక్కడి పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం తింటే నాకు సంతోషమే. వంతెనకు రెండోవైపు గోడ కట్టి, బడి వేళల్లో లారీలు ఆపితే రేపే పంపుతాను. ఇటు నుంచి వెళ్లే ఆ కొద్దిమందికి ఒక ఆయాను తోడు పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

అమెరికాలో ఉన్న మా బంధువుల ఊళ్లోనూ బడుల హద్దులు మారుస్తుంటారట. రెండు మూడు రకాల మ్యాపులు ముందే అందరికీ చూపిస్తారు, బహిరంగంగా అభిప్రాయాలు వింటారు, ఆ తర్వాతే బోర్డు ఓటు వేస్తుంది. అక్కడా గొడవలు పడతారు, ఏడుస్తారు. కానీ ఎందుకు మార్చారో ఎవరికీ తెలియకుండా ఉండదు.

మా మండల అధికారులను నేను కోరేది ఇదీ. ఏ వీధిలో ఏ తరగతి పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఏ బడి ఎందులో కలుస్తుందో గ్రామ సచివాలయం గోడ మీద అంటించండి. ఊరూ పేటా కలిసి కూర్చునే సభ పెట్టండి, కూలీకి వెళ్లే తల్లులు రాగలిగేలా సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి. తీర్మానం అక్కడే అందరి ముందూ చదివి రాయండి. నాలుగో తరగతి అయిపోయిన పిల్లల్ని ఒక్క ఏడాది కోసం కదపకుండా ఐదు పూర్తయ్యే దాకా ఉన్న బడిలోనే ఉంచండి. ఆర్డరు మీద సంతకం పెట్టే అధికారి అంతకుముందు ఒక్కసారి పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి, మా పిల్లలతో పాటు ఈ ఇంటి నుంచి ఆ బడి దాకా నడవాలి. వానాకాలంలో వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి,
పశ్చిమ గోదావరి జిల్లా